సపోర్ట్ అయిపోయిన కంప్యూటర్లను ఏం చేద్దాం? మూడు మెషీన్లు, మూడు రకాల చిక్కులు

తెల్లకాగితం (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి కదా. మా ఇంట్లో మూడు మెషీన్లున్నాయి. మూడూ పనిచేస్తున్నాయి, ఒక్కటీ పారేసేలా లేదు.

ఒకటి ల్యాప్‌టాప్. ఆరో జనరేషన్ ఐ5, 8 జీబీ ర్యామ్, లోపల పాత హార్డ్ డిస్క్. అమ్మ వాడుతుంది. వీడియో కాల్స్, మెయిల్, వార్తలు, అప్పుడప్పుడూ బ్యాంకు పని. విండోస్ 11కి ప్రాసెసర్ పనికిరాదని చెప్పేసింది.

రెండోది నా డెస్క్‌టాప్. ఎనిమిదో జనరేషన్ ఐ5. ప్రాసెసర్ జాబితాలో ఉంది, అయినా విండోస్ 11కి మెషీన్ పనికొస్తుందో లేదో చూసే పీసీ హెల్త్ చెక్ యాప్ మాత్రం టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే సెక్యూరిటీ చిప్) దొరకలేదంటోంది. నా పనంతా దీని మీదే.

మూడోది బాగా పాతది, 32-బిట్ విండోస్ 7. దీనికి ఫిల్మ్ నెగటివ్‌లు స్కాన్ చేసే స్కానర్ తగిలించి ఉంది. ఆ స్కానర్ డ్రైవర్ 64-బిట్ విండోస్‌కి రాలేదు. నాన్న తీసిన ఫోటోల నెగటివ్‌లు ఇంకా బోలెడు స్కాన్ చేయాల్సి ఉంది.

కొత్తవి కొనేయండి అనే సలహా వద్దు. కొనక తప్పదంటే ఎందుకు తప్పదో చెప్పండి, వింటాను.

మదర్‌బోర్డు

డెస్క్‌టాప్ గురించి టెన్షన్ వద్దు. ఎనిమిదో జనరేషన్ ఇంటెల్ బోర్డుల్లో టీపీఎం విడిగా చిప్ రూపంలో లేకపోయినా ఫర్మ్‌వేర్‌లోనే (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఉంటుంది. ఇంటెల్ దాన్ని పీటీటీ అంటుంది, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అని కనిపిస్తుంది. చాలా బోర్డులు దాన్ని ఆపేసి ఉంచిన సెట్టింగ్‌తోనే వచ్చాయి. బయోస్‌లోకి (విండోస్ మొదలయ్యే ముందు తెరిచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) వెళ్లి సెక్యూరిటీ పేజీలోనో, అడ్వాన్స్‌డ్ పేజీలోనో పీటీటీ కోసం వెతికి ఎనేబుల్ చేయండి. విండోస్‌లోకి వచ్చాక విండోస్ సెక్యూరిటీలో డివైస్ సెక్యూరిటీ తెరిస్తే సెక్యూరిటీ ప్రాసెసర్ అని కనిపించాలి. దాని వివరాల్లో స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉంటే పని అయినట్టే.

రాత్రిడ్యూటీ

మదర్‌బోర్డు గారు చెప్పింది సరైనదే, కానీ బయోస్‌లో చేయి పెట్టే ముందు ఒక పని ఉంది. బిట్‌లాకర్ గానీ డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (రెండూ డిస్క్‌కి తాళం వేసే సౌకర్యాలే) ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే ముందు సస్పెండ్ చేయండి, రికవరీ కీ బయట రాసిపెట్టుకోండి. టీపీఎం సెట్టింగ్ మారితే తర్వాతి సారి ఆన్ చేసినప్పుడు నీలం తెర వచ్చి 48 అంకెల కీ అడగొచ్చు. అది లేకపోతే డిస్క్‌లో ఉన్న ఒక్క ఫైలు కూడా చేతికి రాదు. చాలామందికి తమ డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉందన్న సంగతే తెలియదు, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన చాలా మెషీన్లలో అది తనంతట తానే ఆన్ అవుతుంది. కీ ఆ అకౌంట్ పేజీలోనే దొరుకుతుంది. ఆ అకౌంట్ పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా ఇప్పుడే చూసుకోండి.

ఇంకోటి. ఆ డెస్క్‌టాప్‌లో విండోస్ పాత లెగసీ బయోస్ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయి ఉంటే డిస్క్ ఎంబీఆర్ తరహాలో (పార్టిషన్ల పట్టిక రాసే పాత పద్ధతి) ఉంటుంది. విండోస్ 11 యూఈఎఫ్ఐ (పాత బయోస్‌కి బదులు వచ్చిన కొత్త పద్ధతి) అడుగుతుంది, దానికి డిస్క్ జీపీటీ అనే కొత్త తరహాలోకి మారాలి. విండోస్ 10లోనే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్ ఉంది. ఫైళ్లు పోకుండా మారుస్తుంది. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో నడపండి, సరే అంటేనే కన్వర్ట్ చేయండి. మార్చిన వెంటనే బయోస్‌లో బూట్ పద్ధతిని యూఈఎఫ్ఐకి మార్చాలి, లేకపోతే మెషీన్ విండోస్‌ని కనుక్కోలేదు. ఇవన్నీ బ్యాకప్ తీసుకున్న తర్వాతే.

తాళంచెవి

నన్ను కలవరపెట్టేది అమ్మగారి ల్యాప్‌టాప్. అందులో బ్యాంకు పని నడుస్తోంది, మెయిల్ అందులోనే ఉంది. మెయిల్ చేతికి చిక్కితే మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్‌లన్నీ మార్చేయొచ్చు. మీ మూడింటిలో ముందు చూడాల్సింది అదే.

సపోర్ట్ ఆగిన మర్నాడే ఏదో అయిపోతుందని నేను అనను. ప్రమాదం నెలనెలా పెరుగుతుంది. విండోస్ 10, 11ల లోపలి కోడ్‌లో చాలా భాగం ఒకటే. ప్రతి నెలా విండోస్ 11కి వచ్చే ప్యాచ్‌ను (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) విప్పి చూస్తే ఏ లోపాన్ని సరిచేశారో తెలిసిపోతుంది. అదే లోపం ప్యాచ్ అందని విండోస్ 10లో తెరిచే ఉంటుంది. అంటే దాడి చేసేవాళ్లకు ప్రతి నెలా ఒక కొత్త జాబితా చేతికి ఇచ్చినట్టు.

పాతగడియారం

నేను ఇప్పటికీ విండోస్ 7 వాడుతున్నాను. ఏ వైరస్సూ రాలేదు. జాగ్రత్తగా ఉండేవాళ్లకు ఏమీ కాదు. కంపెనీలు తేదీ పెట్టగానే మనం పరుగెత్తాలా? బాగా పనిచేసే యంత్రాన్ని ఒక ప్రకటనతో పనికిరానిదిగా మార్చడం అన్యాయం, ముందు దాన్ని ఒప్పుకోండి.

తాళంచెవి

అన్యాయమన్న మాట నేనూ ఒప్పుకుంటాను. 2017లో కొన్న ఏడో జనరేషన్ మెషీన్‌కి, 2018లో వచ్చిన ఎనిమిదో జనరేషన్ మెషీన్‌కి వేగంలో ఇంటివాడకానికి తెలిసేంత తేడా లేదు. అయినా గీత వాటి మధ్యే గీశారు. విండోస్ 10 వాడే పీసీల్లో సుమారు 24 కోట్లు పనికిరానివిగా మారొచ్చని 2023 డిసెంబర్‌లోనే కెనాలిస్ సంస్థ అంచనా వేసింది.

కానీ "జాగ్రత్తగా ఉంటే ఏమీ కాదు" అన్నది వేరే సంగతి. 2017 మే నెలలో వచ్చిన వానాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) గుర్తుందా? ఎవరూ ఏ లింకూ నొక్కాల్సిన అవసరం లేకుండా ఫైల్ షేరింగ్‌లో ఉన్న లోపం ద్వారా ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కి దానంతట అదే పాకింది. ప్యాచ్ మార్చిలోనే వచ్చింది, వేసుకోనివాళ్లు దెబ్బతిన్నారు. సపోర్ట్ 2014లోనే ముగిసిన ఎక్స్‌పీకి కూడా మైక్రోసాఫ్ట్ అప్పటికప్పుడు ప్యాచ్ ఇవ్వాల్సి వచ్చింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పని ఆగిపోయింది. మన జాగ్రత్త అక్కడ ఏం చేయగలదు?

విండోస్ 7కి క్రోమ్ 2023లో 109వ వెర్షన్ దగ్గరే ఆగిపోయింది. బ్రౌజరే పాతబడిపోతే, ఇక మీరు తెరిచే ప్రతి పేజీనీ నమ్మాల్సి వస్తుంది.

పాతగడియారం

నా దాంట్లో బ్యాంకు పని చేయను. టైపింగ్, పాటలు, పాత ఆటలు. నెట్ కేబుల్ పీకేసే ఉంటుంది. మీ వాదన నెట్‌కి తగిలించిన మెషీన్‌కి వర్తిస్తుంది, నాది అలాంటిది కాదు.

తాళంచెవి

అలాగైతే మనిద్దరి మధ్య పేచీ లేదు. నెట్ లేకుండా వాడుకోండి, నిశ్చింతగా వాడుకోండి.

రాత్రిడ్యూటీ

అమ్మగారి ల్యాప్‌టాప్‌కి ఇప్పటికిప్పుడు చేయగలిగింది ఈఎస్‌యూ. ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్. ఇంట్లో వాడే విండోస్ 10 మెషీన్లకు 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అనే లింక్ ఉంటుంది. వెర్షన్ 22హెచ్2 అయి ఉండాలి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి పీసీ సెట్టింగ్స్‌ని సింక్ చేస్తే డబ్బు కట్టాల్సిన పని లేదు. రివార్డ్స్ పాయింట్లు ఉంటే 1000 పాయింట్లతోనూ తీసుకోవచ్చు, లేదా ఒకసారి డబ్బు కట్టొచ్చు. ఒకే అకౌంట్ మీద 10 మెషీన్ల దాకా నడుస్తుంది. ఆలస్యంగా చేరినా అంతకుముందు వచ్చిన ప్యాచ్‌లు కూడా అందుతాయి.

ఇది వాయిదా మాత్రమే, కొత్త ఫీచర్లు ఉండవు. వ్యాపార సంస్థలకు వేరే ఈఎస్‌యూ ఉంది, మూడేళ్ల దాకా ఏటా కొనుక్కోవచ్చు, ఏటేటా ధర రెట్టింపవుతుంది.

కొందరు ఇక్కడ గందరగోళపడుతున్నారు కాబట్టి చెబుతున్నాను. విండోస్ 10లో డిఫెండర్‌కి వైరస్ గుర్తులు 2028 అక్టోబర్ వరకు వస్తాయి. దాన్ని చూసి "సపోర్ట్ ఇంకా ఉందిలే" అనుకోవద్దు. డిఫెండర్ తెలిసిన వైరస్‌ని పట్టుకుంటుంది, విండోస్‌లో ఉన్న రంధ్రాన్ని పూడ్చదు. ఆఫీస్ 2016, 2019 వాడేవాళ్లు కూడా గమనించండి, వాటి సపోర్ట్ కూడా అదే అక్టోబర్ 14న ముగిసింది.

చిరుగాలి

రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగ్స్ జాబితా) ఒక ఎంట్రీ పెట్టి గానీ, రూఫస్ అనే టూల్‌తో ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ తయారుచేసి గానీ ఆరో జనరేషన్ మీద కూడా విండోస్ 11 ఎక్కించొచ్చు కదా? మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో అలాగే నడుస్తోంది. ఇంత చర్చ ఎందుకు?

మదర్‌బోర్డు

నడుస్తుంది. నేనూ కాదనను. కానీ అమ్మగారి మెషీన్‌కి నేనైతే చేయను. అలాంటి మెషీన్‌కి అప్‌డేట్ల హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. నెలవారీ ప్యాచ్‌లు ఇప్పుడు వస్తున్నాయి, రేపు రాకపోవచ్చు. ఏటా వచ్చే పెద్ద వెర్షన్ చాలాసార్లు దానంతట అది రాదు, ఎవరో కూర్చుని మళ్లీ చేతితో ఎక్కించాలి. 24హెచ్2 అనే విండోస్ 11 వెర్షన్ వచ్చినప్పుడు పాప్‌కౌంట్, ఎస్ఎస్ఈ4.2 అనే ఇన్‌స్ట్రక్షన్లు లేని కోర్ 2 డ్యూయో కాలం నాటి మెషీన్లు ఏ ట్రిక్కుకీ లొంగకుండా ఆగిపోయాయి. ఆరో జనరేషన్‌లో ఆ ఇన్‌స్ట్రక్షన్లు ఉన్నాయి, నిజమే. కానీ గీత ఎప్పుడు జరుపుతారో మన చేతిలో లేదు.

తానే సరిచేసుకోగల మనిషి చేసుకుంటే అది అతని ఇష్టం. అప్‌డేట్ ఆగిపోయిందని కూడా గమనించలేని మనిషి మెషీన్ మీద ఈ పని చేయకూడదు.

పెంగ్విన్‌గూడు

ఇక నా వంతు. ఆ ల్యాప్‌టాప్ లినక్స్‌కి (విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) చక్కగా సరిపోతుంది. ఆరో జనరేషన్ ఐ5, 8 జీబీ అంటే అందులో ఒక రకమైన లినక్స్ మింట్‌కి ఎక్కువే. మింట్ 22 వరస 2029 ఏప్రిల్ వరకు అప్‌డేట్లు అందుకుంటుంది. బ్రౌజర్‌లో జరిగే పనికి, వీడియో కాల్స్‌కి ఏ తేడా ఉండదు. తెలుగు టైపింగ్ కోసం ఐబస్ అనే ప్రోగ్రామ్, దాని ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకుంటే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, యాపిల్ మూడు పద్ధతులూ వస్తాయి.

కానీ ముందు హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయండి. ఏ సిస్టమ్ వేసినా ఆ తిరిగే డిస్క్ ఉన్నంతకాలం మెషీన్ ఈడుస్తూనే ఉంటుంది. అసలు చాలామంది "కంప్యూటర్ ముసలిదైపోయింది" అనేది డిస్క్‌ని చూసే. పైగా తీసిన పాత డిస్క్‌ని అలాగే దాచితే అదే పూర్తి బ్యాకప్. నచ్చకపోతే తిరిగి బిగించుకోవచ్చు. విండోస్ లైసెన్స్ కూడా ఎక్కడికీ పోదు, ఆ హార్డ్‌వేర్‌కి ముడిపడిన డిజిటల్ లైసెన్స్ కాబట్టి మళ్లీ విండోస్ వేస్తే యాక్టివేట్ అవుతుంది.

వానాకాలం

పెంగ్విన్‌గూడు గారూ, మీ ఉత్సాహం అర్థమైంది గానీ, పెద్దవాళ్ల విషయంలో కాస్త ఆగండి. మా అత్తయ్యకి మెయిల్ అంటే తెరకి ఎడమవైపు కింద ఉన్న మూడో బొమ్మ. ఆ బొమ్మ జరిగితే మెయిల్ పోయినట్టే. ఆవిడకి ఆపరేటింగ్ సిస్టమ్ పేరుతో పనిలేదు, అలవాటుతో పని. రాత్రికి రాత్రి మార్చేస్తే ఆవిడ కంప్యూటర్ మానేసి ఫోన్‌కే పరిమితమైపోతుంది. అది మనం కోరుకునేది కాదు కదా.

మేం ఏం చేశామంటే, విండోస్‌ని అలాగే ఉంచి ముందు ప్రోగ్రాములు మార్చాం. ఎడ్జ్ బదులు ఫైర్‌ఫాక్స్, మెయిల్ యాప్ బదులు థండర్‌బర్డ్, వర్డ్ బదులు లిబ్రెఆఫీస్. ఈ మూడూ లినక్స్‌లోనూ అచ్చం అలాగే ఉంటాయి. వాటికి చేయి అలవాటయ్యాక కింద సిస్టమ్ మార్చి, బొమ్మలు అదే వరసలో పెట్టాం. ఆవిడ అడిగిన ఒకే ప్రశ్న, వెనకాల ఉన్న పూల ఫోటో ఏమైందని. అది కూడా తెచ్చి పెట్టాం.

రాత్రిడ్యూటీ

ఇది చాలా మంచి పద్ధతి. ఈఎస్‌యూ ఇచ్చే గడువుని ఇలా వాడుకోవాలి. లేకపోతే గడువు ముగిసే ముందు రోజు మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతాం.

తెల్లకాగితం

వానాకాలం గారూ, ఇది నాకు తట్టలేదు. ధన్యవాదాలు. అమ్మకి కూడా బొమ్మల వరసే గుర్తు.

డెస్క్‌టాప్ సంగతి చెబుతాను. బిట్‌లాకర్ ఆఫ్‌లోనే ఉంది. పీటీటీ బయోస్‌లో అడ్వాన్స్‌డ్ పేజీ కింద డిసేబుల్ అని ఉంది, ఆన్ చేశాను. మీరన్నట్టే డిస్క్ ఎంబీఆర్. వ్యాలిడేట్ చేస్తే మొదట ఫెయిల్ అయింది.

మదర్‌బోర్డు

ప్రైమరీ పార్టిషన్లు ఎన్ని ఉన్నాయి? నాలుగు ఉంటే అది ఒప్పుకోదు, మూడు దాటకూడదు. చాలా బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లలో తయారీ కంపెనీ పెట్టిన రికవరీ పార్టిషన్ ఒకటి అదనంగా ఉంటుంది.

తెల్లకాగితం

అవును, నాలుగే. కంపెనీ రికవరీ పార్టిషన్‌ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి ఇమేజ్ (ఉన్నదున్నట్టు నకలు) తీసి, ఇక్కడ తొలగించాను. ఈసారి వ్యాలిడేట్ అయింది, కన్వర్ట్ అయింది. బయోస్‌లో యూఈఎఫ్ఐ పెట్టగానే విండోస్ లేచింది. హెల్త్ చెక్ ఇప్పుడు పచ్చజెండా ఊపుతోంది. విండోస్ 11 డౌన్‌లోడ్ అవుతోంది.

సంచారి

మ్యాక్ వాళ్లం కూడా ఇదే పడవలో ఉన్నాం, మా గోడు కూడా కాస్త వినండి. నాది 2015 మ్యాక్‌బుక్ ఎయిర్. యాపిల్ దానికి ఇచ్చిన చివరి సిస్టమ్ మోంటెరీ. దానికి ప్యాచ్‌లు ఆగిపోయాయి. 2025లో వచ్చిన మాకోస్ టాహో ఇంటెల్ మ్యాక్‌లకు ఆఖరిదని యాపిల్ ప్రకటించింది, అది కూడా కొన్ని మోడళ్లకే. పాత మ్యాక్‌ల మీద కొత్త మాకోస్ నడిపించే ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో కొత్తది ఎక్కించాలా, లినక్స్‌కి వెళ్లాలా?

పెంగ్విన్‌గూడు

2015 ఎయిర్ అయితే లినక్స్ బాగా నడుస్తుంది, కానీ వైఫై దగ్గర ఒక మెలిక ఉంది. అందులోది బ్రాడ్‌కామ్ చిప్. దాని డ్రైవర్ ఓపెన్‌సోర్స్ కాదు, ఇన్‌స్టాల్ అయ్యాక విడిగా వేయాలి. అది డౌన్‌లోడ్ చేయడానికి నెట్ కావాలి, నెట్ రావడానికి ఆ డ్రైవర్ కావాలి. ఆ ల్యాప్‌టాప్‌కి నెట్ కేబుల్ సాకెట్ కూడా లేదు. కంగారు పడకండి. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి టెథరింగ్ ఆన్ చేస్తే లినక్స్ దాన్ని కేబుల్ నెట్‌లా గుర్తిస్తుంది. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరిస్తే అదే చూపిస్తుంది.

2018 నుంచి 2020 దాకా వచ్చిన టీ2 చిప్ (యాపిల్ సెక్యూరిటీ చిప్) మ్యాక్‌లు ఉన్నవాళ్లు మాత్రం దీన్ని నమూనాగా తీసుకోవద్దు. వాటిలో సెక్యూరిటీ సెట్టింగ్ తగ్గించాలి, కీబోర్డు, ట్రాక్‌ప్యాడ్ పనిచేయడానికి ప్రత్యేక కర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) కావాలి. వాటి దారి వేరు.

తాళంచెవి

ఓపెన్‌కోర్ ప్యాచర్ చేసేవాళ్ల కృషి గొప్పది. కానీ అది సిస్టమ్ ఫైళ్లను మార్చి నడిపిస్తుంది, అందుకోసం యాపిల్ పెట్టిన కొన్ని రక్షణలను సడలిస్తుంది. ప్రతి అప్‌డేట్ తర్వాత మళ్లీ ప్యాచ్ వేయాలి. ఆసక్తి ఉన్న మనిషి చేతిలో మంచి సాధనం, అంతవరకే.

చిరుగాలి

క్రోమ్ఓఎస్ ఫ్లెక్స్ (పాత పీసీల మీద వేసుకునే గూగుల్ సిస్టమ్) గురించి ఎవరూ మాట్లాడలేదేం? అమ్మగారికి బ్రౌజర్ ఒక్కటే చాలు కదా.

రాత్రిడ్యూటీ

మంచి మాటే. 4 జీబీ ర్యామ్, 16 జీబీ డిస్క్ ఉంటే చాలు, అప్‌డేట్లు వాటంతటవే వస్తాయి, పాడుచేయడం కష్టం. రెండు సంగతులు చూసుకోండి. ఆండ్రాయిడ్ యాప్‌లు ఫ్లెక్స్‌లో రావు, అసలు క్రోమ్‌బుక్‌లోనే వస్తాయి. ఇక గూగుల్ ధ్రువీకరించిన మోడళ్ల జాబితాలో మీ ల్యాప్‌టాప్ ఉందా, ఉంటే దానికి పక్కన రాసిన సపోర్ట్ ముగింపు ఏడాది ఏది, చూడండి. ఆ జాబితాలో కూడా ఒక్కో మోడల్‌కి ఒక్కో గడువు ఉంటుంది.

తెల్లకాగితం

ఇప్పుడు మూడోది. నాకు అన్నిటికంటే బెంగ దీని గురించే. ఆ 32-బిట్ పీసీ ఆగిపోతే నెగటివ్‌లన్నీ అలాగే ఉండిపోతాయి. ఈ మధ్య ఆన్ చేసినప్పుడల్లా తేదీ వెనక్కి, ఎన్నో ఏళ్ల కిందటికి వెళ్లిపోతోంది. దాంతో ఏ వెబ్‌సైట్ తెరిచినా సురక్షితం కాదంటోంది.

మదర్‌బోర్డు

తేదీ సమస్య చిన్నది. మదర్‌బోర్డు మీద బిళ్లలాంటి సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది, అది అయిపోయింది. మార్చండి. మెషీన్ తేదీ తప్పితే వెబ్‌సైట్ సర్టిఫికెట్ కాలం ఇంకా మొదలు కాలేదని బ్రౌజర్ అనుకుంటుంది, అందుకే ఆ హెచ్చరిక. మార్చాక బయోస్‌లో డిస్క్ సెట్టింగ్ మునుపటిలా ఉందో లేదో చూసుకోండి, ఐడీఈ, ఏహెచ్‌సీఐ అనే రెండు డిస్క్ పద్ధతులు తారుమారైతే విండోస్ లేవదు.

అంతకంటే ముఖ్యం ఆ డిస్క్. ఎప్పుడు పోతుందో తెలియదు. క్లోన్‌జిల్లా (డిస్క్ నకలు తీసే టూల్) పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డిస్క్ మొత్తం ఇమేజ్ తీసి బయట పెట్టండి. స్కానర్ డ్రైవర్, దాని ప్రోగ్రామ్, సీరియల్ నంబర్ అన్నీ ఆ ఇమేజ్‌లో ఉంటాయి. తయారీ కంపెనీ వెబ్‌సైట్ నుంచి పాత డ్రైవర్లు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం. ఈ పని ఈ వారమే చేయండి, మిగతావి తర్వాత.

తాళంచెవి

దానికి నెట్ ఎందుకు? వైఫై కార్డు తీసేయండి లేదా డివైస్ మేనేజర్‌లో ఆపేయండి. స్కాన్ చేసిన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ఆ పెన్‌డ్రైవ్ ఈ పనికే కేటాయించండి, ఇంకెక్కడా గుచ్చొద్దు. ఫైళ్లు డెస్క్‌టాప్‌లోకి దించుకున్నాక ఫార్మాట్ చేసి మళ్లీ స్కానర్ పీసీకి పెట్టండి. పాతగడియారం గారు వాడే పద్ధతే ఇది. ఇలాంటి మెషీన్‌కి అంతకంటే సరైనది లేదు.

పెంగ్విన్‌గూడు

ఇంకో దారి కూడా చూడండి. లినక్స్‌లో స్కానర్లను నడిపే సేన్ అనే వ్యవస్థ ఉంది. కంపెనీలు వదిలేసిన పాత స్కానర్లు చాలా అందులో ఇప్పటికీ పనిచేస్తాయి, ఎందుకంటే అక్కడ డ్రైవర్ సోర్స్ రూపంలో ఉంటుంది, 32-బిట్ నుంచి 64-బిట్‌కి మారినా మళ్లీ కంపైల్ చేస్తే సరిపోతుంది. సేన్ వెబ్‌సైట్‌లో మోడళ్ల జాబితా ఉంది, ప్రతి మోడల్ పక్కన అది ఎంత బాగా నడుస్తుందో రాసి ఉంటుంది. అది కుదరకపోతే డబ్బు పెట్టి కొనే వ్యూస్కాన్ అనే ప్రోగ్రామ్‌ని ట్రయల్‌గా చూడండి, దానికి సొంత డ్రైవర్లు ఉన్నాయి. ఇవేవీ కాకపోతే విండోస్ 7ని వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల ప్రోగ్రామ్‌గా నడిచే ఇంకో కంప్యూటర్) పెట్టి, దానికి నెట్ ఇవ్వకుండా స్కానర్ యూఎస్‌బీ మాత్రం అందించొచ్చు.

ఆ పీసీ మీదే లినక్స్ వేద్దామనుకుంటే మాత్రం ఆగండి. 32-బిట్‌కి దారులు మూసుకుపోతున్నాయి. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13 అనే లినక్స్‌కి 32-బిట్ పీసీల ఇన్‌స్టాలర్ లేదు. కానీ ముందు ప్రాసెసర్ మోడల్ చూడండి. చాలా మెషీన్లలో ప్రాసెసర్ 64-బిట్‌దే, విండోస్ మాత్రం 32-బిట్‌ది వేసి ఉంటారు.

నిమ్మకాయ

చాలా రోజులుగా చదువుతున్నాను, ఇక రాయక తప్పలేదు. నా ల్యాప్‌టాప్‌ని నాకు తెలిసిన ఒక విద్యార్థికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. ఇచ్చే ముందు ఏం చేయాలి? ఫైళ్లన్నీ డిలీట్ చేశాను.

రాత్రిడ్యూటీ

డిలీట్ చేస్తే చాలదు. ఫైలు పేరు పోతుంది, లోపలి సమాచారం డిస్క్ మీదే ఉంటుంది, ఉచితంగా దొరికే ప్రోగ్రాములతోనే వెనక్కి తేవచ్చు. తిరిగే హార్డ్ డిస్క్ అయితే రీసెట్ దిస్ పీసీలో రిమూవ్ ఎవ్రీథింగ్ ఎంచుకుని, క్లీన్ డేటా ఆన్ చేయండి. గంటలు పడుతుంది, పట్టనివ్వండి. ఎస్ఎస్‌డీ అయితే మీద మీద రాసి చెరపడం నమ్మకమైన పద్ధతి కాదు, ఎందుకంటే అరుగుదల సమానంగా ఉండేలా అది రాసే చోటు తానే మారుస్తుంది. దానికి బయోస్‌లోనో తయారీ కంపెనీ టూల్‌లోనో ఉండే సెక్యూర్ ఎరేజ్ వాడండి.

బ్రౌజర్ నుంచి సైన్ అవుట్ అవ్వండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ డివైస్‌ల జాబితా నుంచి ఆ మెషీన్‌ని తీసేయండి.

తాళంచెవి

నిమ్మకాయ గారూ, ఇంకొక్క మాట. అప్‌డేట్లు ఆగిన సిస్టమ్‌తో ఇవ్వకండి. మనకి వద్దనుకున్న ప్రమాదాన్ని, దాన్ని గుర్తించే అనుభవం లేని పిల్లవాడికి అంటగట్టినట్టవుతుంది. సపోర్ట్ ఉన్న సిస్టమ్ ఏదో ఒకటి వేసి, అప్‌డేట్లు ఎలా చేసుకోవాలో చూపించి ఇవ్వండి.

మదర్‌బోర్డు

బ్యాటరీ కూడా చూడండి. టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ అవడం లేదా? మూత పూర్తిగా మూసుకోవడం లేదా? బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఒక మూల లేచి ఊగుతోందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బింది. ఇక చార్జ్ పెట్టొద్దు, గుచ్చొద్దు, చెత్తబుట్టలో వేయొద్దు. చెత్త బండిలో నలిగితే మంటలు వస్తాయి. బ్యాటరీలు తీసుకునే సేకరణ కేంద్రంలోనే ఇవ్వాలి.

నిజంగా ప్రాణం పోయిన మెషీన్‌ని కూడా అలాగే. 2022లో ప్రపంచమంతా కలిపి 6.2 కోట్ల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పోగైందని ఐక్యరాజ్యసమితి లెక్క. పద్ధతి ప్రకారం సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది అందులో 22.3 శాతమే. పనిచేసే మెషీన్‌ని ఆ గుట్టలో కలపడం నాకు ఎప్పుడూ మనసొప్పదు. ల్యాప్‌టాప్ వల్ల వాతావరణానికి జరిగే నష్టంలో ఎక్కువ భాగం అది తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది, వాడేటప్పుడు అయ్యేది తక్కువ. ఇంకో మూడేళ్లు వాడితే ఆ మేరకు మిగిలినట్టే.

నిమ్మకాయ

టచ్‌ప్యాడ్ కుడివైపు క్లిక్ అవడం లేదు! దుమ్ము పట్టిందనుకున్నాను. ఇప్పుడే చార్జర్ తీసేశాను.

మదర్‌బోర్డు

మంచి పని చేశారు. మెషీన్ ఆఫ్ చేసి, గట్టి నేల మీద, మండే వస్తువులకు దూరంగా పెట్టండి. బ్యాటరీ మార్పించాకే ఆ పిల్లవాడికి ఇవ్వండి.

తెల్లకాగితం

అప్‌డేట్. డెస్క్‌టాప్‌లో విండోస్ 11 వచ్చేసింది, అన్నీ ఉన్న చోటే ఉన్నాయి.

ల్యాప్‌టాప్‌ని ఈఎస్‌యూలో చేర్చాను, ఎస్ఎస్‌డీ వేశాను. అమ్మ "కొత్తది కొన్నావా" అంది. ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్ ఇప్పటికే వాడుతోంది. మింట్‌ని పెన్‌డ్రైవ్ నుంచే బూట్ చేసి చూశాను. వైఫై, కెమెరా, మైక్, ధ్వని అన్నీ వచ్చాయి. మూత మూసి తెరిస్తే మాత్రం తెర నల్లగా ఉండిపోతోంది.

పెంగ్విన్‌గూడు

మూత సంగతి పెన్‌డ్రైవ్ నుంచి నడిపి తేల్చలేం, ఇన్‌స్టాల్ చేశాక మళ్లీ చూడాలి. ముందు బయోస్ అప్‌డేట్ ఉంటే విండోస్ ఉండగానే వేసేయండి, చాలా కంపెనీల అప్‌డేట్ ప్రోగ్రామ్ విండోస్‌లోనే నడుస్తుంది. అప్పటికీ తెర రాకపోతే అప్‌డేట్ మేనేజర్‌లో కర్నెల్స్ పేజీలో కొత్తది వేసి చూడండి. రెండు సిస్టమ్‌లూ పక్కపక్కనే ఉంచాలనుకుంటే విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆపేయండి, లేకపోతే విండోస్ డ్రైవ్ మీద లినక్స్ రాయలేదు.

తెల్లకాగితం

సరే, అలాగే చేస్తాను. స్కానర్ పీసీ డిస్క్ ఇమేజ్ తీశాను, బ్యాటరీ మార్చాను, నెట్ తీసేశాను. సేన్ జాబితాలో నా స్కానర్ మోడల్ ఉంది, పక్కన "గుడ్" అని రాసి ఉంది. అంటే ఆ పాత పీసీని ఇక పంపించేయొచ్చా?

రాత్రిడ్యూటీ

ఇప్పుడే వద్దు. ఒకే నెగటివ్‌ని రెండు చోట్లా స్కాన్ చేసి, రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి పూర్తి సైజులో చూడండి. ముఖ్యంగా గీతలు, దుమ్ము మచ్చలు ఉన్న నెగటివ్ తీసుకోండి. ఫిల్మ్ స్కానర్లలో దుమ్ముని ఇన్‌ఫ్రారెడ్‌తో గుర్తించి తీసేసే సౌకర్యం చాలావరకు కంపెనీ ప్రోగ్రామ్‌లోనే ఉంటుంది, సేన్‌లో అది రాకపోవచ్చు. మీ నాన్నగారి ఫోటోలు కదా, ఒకసారి స్కాన్ చేశాక మళ్లీ ఎవరూ కూర్చుని చేయరు. తేడా కనిపిస్తే స్కానింగ్ పూర్తయ్యేదాకా ఆ విండోస్ 7 మెషీన్‌నే ఉంచండి.